కీర్తిశేషులు బ్రహ్మయ్యగారి అభ్యంతరం

మాఘ బహుళ పంచమి నాడు పొద్దున్నే భరద్వాజ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి స్నానం ముగించాలి, పది గంటలకి లాప్‌టాప్‌లో ఒక బటన్ నొక్కాలి, పదీ పదికి మేడ దిగి అల్లప్పచ్చడితో పెసరట్టు తినాలి. తెనాలిలో ఒక మేడమీద గదిలో ఒక్కడే కూర్చుని యాప్‌లు తయారుచేసుకునే మనిషికి ఇంతకు మించిన పథకాలు అచ్చిరావని ఏడాదిగా అనుభవం మీద తెలుసుకున్నాడు. తీరా చూస్తే ఇది కూడా పెద్ద పథకమే అయింది.

అతను తయారుచేసిన యాప్ పేరు 'పెద్దల తిథి'. తండ్రి వెంకటరాఘవయ్యగారు పురోహితులు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల నూట నలభై ఇళ్ళలో ఏ ఇంట ఏ తిథినాడు ఆబ్దికం పెట్టాలో ఆయనకి కంఠతా వచ్చు. ఈ మధ్య డెబ్బై దాటాక కంఠం బాగానే ఉంది గానీ తిథులే జారిపోతున్నాయి. కిందటేడు భట్టిప్రోలులో ఒకరింటికి ద్వాదశి నాడు వెళ్ళాల్సింది త్రయోదశి నాడు వెళ్ళారు. "పోనీలెండి పంతులుగారూ, మా నాన్న బతికున్నప్పుడు కూడా ఏనాడూ వేళకి భోంచెయ్యలేదు" అని ఆ ఇంటాయన సర్దిచెప్పాడు గానీ, ఈయన మాత్రం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అది చూడలేక భరద్వాజ ఈ యాప్ మొదలుపెట్టాడు. తిథి ఒకసారి ఎక్కిస్తే చాలు, ముందురోజు తెల్లవారేసరికి ఆ ఇంటివాళ్ళందరి ఫోన్లకీ కబురు వెళ్ళిపోతుంది.

యాప్ తయారుచేయడానికి రెండు నెలలు పట్టింది. దాన్ని, ఫోన్లకి యాప్‌లు దొరికే స్టోరులో పెట్టడానికి తొమ్మిది నెలలు పట్టి, ఇంకా పడుతూనే ఉంది. మొదటిసారి యాప్ గుర్తుగా దర్భల కట్ట బొమ్మ పెడితే, మాదకద్రవ్యాల మొక్కల బొమ్మలు నిషిద్ధమని స్టోరువాళ్ళు తిప్పికొట్టారు. దర్భలు తీసి దీపం పెట్టాడు. రెండోసారి, మీ యాప్‌లో ఇతర వ్యక్తుల పేర్లున్నాయి, వారి అనుమతి తీసుకున్నట్టు రుజువు చూపండి అన్నారు. వాళ్ళంతా పోయినవాళ్ళండీ అని రాస్తే, 'మీ ఓపికకు ధన్యవాదాలు. వారు అందుబాటులోకి రాగానే అనుమతి తీసుకుని పంపగలరు' అని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాలు రాసేది మనిషో యంత్రమో తెలియదు. కసితీరా తిట్టుకుందామంటే ఎదురుగా ఒక మొహమైనా లేకపోవడం భరద్వాజకి అన్నిటికన్నా పెద్ద బాధ.

ఆ గండాలు గట్టెక్కాక మూడోది వచ్చింది. కొత్తగా వచ్చిన డెవలపర్ ఎవరైనా సరే, పన్నెండు మంది చేత పద్నాలుగు రోజులు ఏకబిగిన యాప్ వాడించి చూపాలట. మధ్యలో ఒక్కరు తప్పుకున్నా లెక్క మళ్ళీ మొదటికి. రెండుసార్లు అలా మొదటికే వచ్చింది. మూడోసారి తల్లి సీతామహాలక్ష్మిగారు రంగంలోకి దిగారు. "ఇది నోము లాంటిదిరా. నోముకి మనుషుల్ని పోగెయ్యడం నీకేం తెలుసు?" అని, భర్తగారి నోటుపుస్తకంలోంచి పన్నెండు ఇళ్ళు ఏరి, ఒక్కో ఇంట్లో ఒక్కో ఫోనులో యాప్ పెట్టించి, "పద్నాలుగు రోజులూ దీన్ని కదపకూడదమ్మా, మధ్యలో తీస్తే మంచిది కాదు" అని ఒక్క మాట చెప్పారు. ఒక్కరంటే ఒక్కరు కదపలేదు. ఆ ఇళ్ళ తిథులు ఎక్కించే పని మాత్రం భరద్వాజ చేశాడు. చేశాడంటే, పుస్తకంలో పేజీలు ఫొటో తీసి, యంత్రం చేత చదివించి, ఒక్క దెబ్బతో ఎక్కించి పడుకున్నాడు.

ఇవాళ పద్నాలుగో రోజు. పది గంటలకి విడుదల బటన్ వెలుగుతుంది. దాని మీద అతని బతుకు ఏ వైపు తిరుగుతుందో ఆధారపడి ఉంది. భార్య ఇందుమతి వడ్లమూడిలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. మొగుడి యాప్‌ల సరదాకి ఏడాది గడువిచ్చింది. అది ఇవాళ్టితో సరి. ఆమె పెదనాన్నగారు విజయవాడలో ఒక ఉద్యోగం చూసిపెట్టారు. తెల్లవార్లూ మేలుకుని, ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్ళ ప్రింటర్లు ఎందుకు పనిచెయ్యడం లేదో ఫోనులో వినే ఉద్యోగం. వస్తాడో రాడో సాయంత్రం ఆరులోగా చెప్పాలి.

"యాప్ స్టోరులోకి ఎక్కితే నేనే పెదనాన్నకి ఫోన్ చేసి వద్దని చెప్తాను. ఎక్కకపోతే మీరే చేసి వస్తానని చెప్పాలి. సరేనా?" అంది ఇందుమతి, బస్సుకి బయల్దేరుతూ.

"పదింటికల్లా కబురు చేస్తాను. పెదనాన్నగారి నంబరు తీసి పట్టుకో" అన్నాడు భరద్వాజ ధీమాగా.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. తొమ్మిదీ నలభైకి, తల తుడుచుకుంటూ లాప్‌టాప్ తెరిచేసరికి స్టోరు నుంచి ఉత్తరం వచ్చి ఉంది. 'మీ ఓపికకు ధన్యవాదాలు' అని మొదలైంది. ఆ మాటతో మొదలైన ఉత్తరం ఏదీ ఇంతవరకూ మంచి కబురు తేలేదు. 'మీ యాప్ నిలిపివేయబడినది. కారణం: జీవించి ఉన్న వ్యక్తి మరణించినట్లు ప్రచారం చేయుట. ఫిర్యాదు పాఠం దిగువన జతపరచడమైనది' అని ఉంది. దిగువన, ఇలా ఉంది:

'బాపట్ల నివాసి, రిటైర్డు సూపరింటెండెంటు, కీర్తిశేషుడు బ్రహ్మయ్య అనబడే నేను చేసుకొను ఫిర్యాదు ఏమనగా, ఈ ఉదయం ఆరు గంటలకు నేను కాఫీ తాగుచుండగా, రేపు నా ఆబ్దికమని నాకే సమాచారం అందినది. ఇది వాస్తవ విరుద్ధము. సమాచారం చదివిన పిమ్మట కూడా నేను కాఫీ పూర్తిగా తాగితినని మనవి.'

భరద్వాజ తువ్వాలు అక్కడే పారేసి మెట్లు దిగాడు. వెంకటరాఘవయ్యగారు హాల్లో కూర్చుని పంచాంగం చూసుకుంటున్నారు.

"నాన్నా! బాపట్ల బ్రహ్మయ్యగారు పోలేదా?"

"ఆయనెందుకు పోతాడురా? మొన్ననేగా రోడ్డు మీద గుంట ఉందని కలెక్టరుగారికి అర్జీ పెట్టాడు."

"మరి మీ పుస్తకంలో మాఘ బహుళ షష్ఠి ఎదురుగా ఆయన పేరు ఉంది కదా?"

"ఉంటుంది. ఆ రోజు వాళ్ళ నాన్న తద్దినం. పెట్టేది బ్రహ్మయ్య. పుస్తకంలో ఎవరైనా కర్త పేరే రాసుకుంటారు. పోయినవాళ్ళ పేర్లు రాసుకుని ఏం చెయ్యను? రేపు వస్తున్నానని వాళ్ళకి ఫోన్ చెయ్యాలా?"

భరద్వాజకి అప్పుడు అర్థమైంది. పుస్తకంలో ఉన్న పేర్లన్నీ కర్తలవే. అంటే, ఏటేటా పెద్దల్ని తలుచుకుని భక్తిగా తద్దినాలు పెడుతున్న పన్నెండు మంది పుణ్యాత్ముల్ని అతను ఒక్క ఫొటోతో పెద్దల్లో కలిపేశాడు. తిథి దగ్గరపడ్డ వాడు కాబట్టి బ్రహ్మయ్యగారికి కబురు ముందు అందింది. మిగతా పదకొండు మందీ వరసలో ఉన్నారు.

సీతామహాలక్ష్మిగారు పెసరట్టు తిరగేస్తూ వంటింట్లోంచి అడిగారు. "ఒరే, ఆ పన్నెండులో మన ఇల్లు కూడా వేశాను కదరా?"

"వేశావమ్మా."

"అంటే?"

"ఫాల్గుణ శుద్ధ చవితికి... నాన్నగారు."

ఆవిడ అట్లకాడ పక్కన పెట్టి, మంగళసూత్రాలు తీసి రెండు కళ్ళకీ అద్దుకున్నారు. తర్వాత కొడుకు వైపు చూసిన చూపులో పెసరట్టు మీద ఆశ వదులుకోమని స్పష్టంగా ఉంది. వెంకటరాఘవయ్యగారు మాత్రం నిబ్బరంగా కళ్ళజోడు సర్దుకున్నారు. "పోయాడని కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు. నీ పుణ్యమా అని పన్నెండు మందికి పెంచావు. నువ్వు వెళ్ళి ఆ బ్రహ్మయ్య సంగతి చూడు. మిగతావాళ్ళకి నేను ఫోన్లు చేసి చెప్తాను" అన్నారు.

బ్రహ్మయ్యగారి సంగతి చూడక తప్పేట్టు లేదు. స్టోరువాళ్ళ నిబంధనలు అలా ఉన్నాయి. అప్పీలు ఒక్కసారే చేసుకోవాలి. సదరు వ్యక్తి గురించి ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రం జతపరచాలి. విచారణ ముగిసేదాకా ఆయన పేరు తాకకూడదు, అది సాక్ష్యం. నిర్ణయం అంతిమం. భరద్వాజ బ్రహ్మయ్యగారికి పదిసార్లు ఫోన్ చేశాడు. పదిసార్లూ లైను బిజీ. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, పరగడుపునే స్టేషనుకి పరుగెత్తి, బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరు పట్టుకున్నాడు.

నిడుబ్రోలు దాటాక తండ్రి నుంచి మొదటి సమాచారం వచ్చింది. "ఆరుగురికి చెప్పాన్రా. అయిదుగురు నవ్వారు. వేటపాలెం జీడిపప్పు వ్యాపారి శ్రీకర్ మాత్రం, ఇంకో పది రోజులు అలాగే ఉంచమంటున్నాడు."

"ఎందుకండీ?"

"ఈలోగా బావమరిది గృహప్రవేశం ఉందిట. వెళ్ళకపోవడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదంటున్నాడు."

బాపట్ల రథంబజారులో బ్రహ్మయ్యగారి ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. ఏ ఇంటి ముందు పది ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయో, ఏ అరుగు మీద పక్కింటివాళ్ళు చేతులు కట్టుకుని గంభీరంగా కూర్చున్నారో అదే. కిటికీ ఊచకి ఎవరో తెచ్చిన బంతిపూల దండ వేలాడుతోంది. ఎవరికి వెయ్యాలో తేలక అక్కడ తగిలించినట్టున్నారు. గుమ్మంలో బ్రహ్మయ్యగారి భార్య శేషారత్నంగారు వచ్చినవాళ్ళకి మజ్జిగ అందిస్తున్నారు.

"రా బాబూ, పంతులుగారబ్బాయివి కదూ? ఏం చెప్పమంటావు! ఆరింటికి ఆయనకి కాఫీ గ్లాసు ఇచ్చి ఫోన్ చూసుకున్నానా, ఈయన పోయి ఏడాదైందని ఉంది. తలెత్తి చూస్తే ఎదురుగా కాఫీలో చక్కెర తక్కువైందంటున్నారు. ఏది నమ్మాలో తెలియలేదు."

"నాదే తప్పు పిన్నిగారూ. క్షమించండి. ఇంతమందికి ఎలా తెలిసిందండీ?"

"నువ్వే కదా, ఇంటివాళ్ళందరి నంబర్లూ ఎక్కించమన్నావు. మనవాళ్ళందరివీ ఇచ్చాను, ఇరవై ఆరు. వాళ్ళు ఇంకెంతమందికి పంపారో. పంపేటప్పుడు ఏడాది సంగతి ఎవరూ చూసుకోలేదు. బ్రహ్మయ్యగారు పోయారు అన్న ముక్క మాత్రం పట్టుకున్నారు. పొద్దున్న ఆయన ఇదే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే, అప్పికట్ల నుంచి ఒకాయన వచ్చి ఆయన చేతులే పట్టుకుని, అన్నగారి పోలికలు అచ్చం ఉన్నాయి, మీరు తమ్ముడుగారా అని అడిగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు."

అరుగు మీద కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన మీద బ్రహ్మయ్యగారు మురుగుకాలవ గురించి మూడుసార్లు మున్సిపాలిటీకి రాశారట. "ఏమైనా మనిషి నిప్పు. ఆయన రాయబట్టే ఈ వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. ఆ మాట బతికుండగా చెప్పలేకపోయాను" అన్నాడాయన.

"ఇంకా బతికే ఉన్నారండి" అన్నాడు భరద్వాజ.

"అదేలే. అయినా ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేం కదా."

"ఇంతకీ బాబాయిగారు ఎక్కడున్నారు పిన్నిగారూ? ఆయన చేతి కాగితం ఒకటి కావాలి, సాయంత్రంలోగా."

శేషారత్నంగారి మొహంలో నవ్వు తగ్గింది. "రేపల్లె వెళ్ళారు బాబూ. మా అమ్మాయి కనకదుర్గకి కూడా మెసేజి వెళ్ళింది కదా. గోలుగోలున ఏడుస్తోందని అల్లుడు మధుబాబు ఫోన్ చేశాడు. ఈయనే ఫోన్ తీసుకుని, నేను బతికే ఉన్నానమ్మా అన్నారు. అది నమ్మందే! ఈ మధ్య మనుషుల గొంతులు కూడా తయారుచేసి మోసం చేస్తున్నారటగా. మా నాన్న గొంతు దొంగిలిస్తావురా, పోలీసులకి చెప్తాను అని పెట్టేసింది. వీడియోలో కనపడితే, బొమ్మలు కూడా తయారుచేస్తున్నారంది. ఇంక చేసేదేముంది, మనిషే కనపడాలని పదకొండింటి బస్సుకి వెళ్ళారు." ఆవిడ గొంతు తగ్గించారు. "రెండేళ్ళయింది బాబూ ఈయన ఆ గడప తొక్కి. అల్లుడు ఇల్లు కట్టుకుంటే మెట్లు రోడ్డు మీదకి అడుగు జరిగాయని ఈయనే వెళ్ళి ఫిర్యాదు చేశారు. సొంత అల్లుడి మీద! వాళ్ళొచ్చి కొలిచి మెట్లు కొట్టించేశారు. అప్పట్నుంచీ మాటల్లేవు."

మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదేననుకున్నాడు భరద్వాజ. అల్లుడి మెట్లనే వదలని మనిషి, తనని ఏడాది కిందటే చంపేసిన వాడి యాప్‌ని వదులుతాడా? శేషారత్నంగారు బలవంతాన రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టారు. అవి తింటూ బస్టాండుకి నడిచాడు.

చెరుకుపల్లి మీదుగా పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా ఉంది. అతనికి అదేమీ కనపడలేదు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, తండ్రి ఫోనులో ఒక్కొక్కటే చెబుతుంటే, కర్తల పేర్లు తీసి వాళ్ళ తండ్రుల పేర్లు వేశాడు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ఒక అక్షరం తప్పు పడేది. పదకొండు పేర్లు బాగయ్యాయి. పన్నెండో పేరు, బ్రహ్మయ్యగారిది, బూడిదరంగులో బిగుసుకుని కూర్చుంది. నొక్కితే 'విచారణలో ఉన్నది' అని వస్తోంది.

మూడు గంటలకి ఇందుమతి ఫోన్ చేసింది. "పదింటికల్లా అన్నారు. ఎక్కడున్నారు?"

"రేపల్లె దగ్గర."

"బటన్ నొక్కడానికి రేపల్లె వెళ్ళాలా?"

జరిగింది చెప్పాడు. అటునుంచి దగ్గులాంటిది వినపడింది. నవ్వు ఆపుకుంటోందని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "మామయ్యగారిని కూడానా?" అని మాత్రం అడిగింది. తర్వాత కొంచెం మెత్తగా, "ఆరు దాకా ఆగుతాను. అంతకు మించి పెదనాన్న ఆగరు" అంది.

రేపల్లెలో మధుబాబు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి, ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉన్నారు బ్రహ్మయ్యగారు. తెల్లటి పంచె, చేతిలో గుడ్డసంచీ. ఇంటి గోడకి ఆనుకుని, అడుగు లోపలికి జరిగి, ఇరుగ్గా ఉన్న మెట్లు అవి. పెద్దమనిషి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. పై మెట్టు మీద కనకదుర్గ, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో, తండ్రి చొక్కా చేతిని వదలకుండా పట్టుకుని ఉంది. గుమ్మంలో మధుబాబు ఏం మాట్లాడాలో తెలియక మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. చూస్తే మామగారు వచ్చినప్పటి నుంచీ అలాగే నిలబడ్డట్టున్నాడు.

భరద్వాజ చేతులు జోడించాడు. "బాబాయిగారూ, నేను తెనాలి వెంకటరాఘవయ్యగారబ్బాయినండి. ఆ యాప్ నాదేనండి. పుస్తకంలో కర్త పేరుని చూసి..."

"తెలుసు. మీ నాన్నగారు ఫోన్ చేశారు" అన్నారు బ్రహ్మయ్యగారు. మనిషి పొట్టివాడే గానీ గొంతు ఆఫీసంత ఉంది. "నీ యాప్‌లో దోషాలున్నాయ్. మనిషి పోయాడని చెప్పే ముందు ఆ మనిషిని ఒక్కమాట అడగాలా వద్దా? విచారణ లేదు, నోటీసు లేదు. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి ఫైలు వస్తే బల్ల మీంచి విసిరికొట్టేవాణ్ణి."

"నిజమేనండి."

"నిజమేనని ఊరుకుంటే ఎలా? ఏం కావాలి నీకు?"

భరద్వాజ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఏడాది పని ఇదని, యాప్ ఆగిపోతే సాయంత్రం ఆరుకి విజయవాడ ఉద్యోగానికి సరేననాలని, తండ్రి తిథులు మర్చిపోతున్నందుకు దిగులుపడుతుంటే చూడలేక ఇది మొదలుపెట్టానని చెప్పాడు. బ్రహ్మయ్యగారు కాసేపు అతని మొహం చూసి, గుడ్డసంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో ఆయన లైఫ్ సర్టిఫికెట్, మూడు జిరాక్సులు. ఏటా పెన్షన్ కోసం, తాను బతికే ఉన్నానని గవర్నమెంటు చేత ఒప్పించుకునే కాగితం. "దీని మీద గుండ్రటి ముద్ర ఉంది. ముద్ర ముందు ఎవరి మాటా చెల్లదు. పెట్టు అప్పీలు. తప్పు చేశావు, ఒప్పుకున్నావు. చాలు" అన్నారు.

భరద్వాజ మెట్టు మీదే కూర్చుని సర్టిఫికెట్ ఫొటో తీసి, అప్పీలు పంపాడు. అప్పుడు మధుబాబుకి చెంబు సంగతి గుర్తొచ్చింది. "మామయ్యగారూ, మంచినీళ్ళు" అన్నాడు. రెండేళ్ళ తర్వాత అన్న మొదటి మాట అది. బ్రహ్మయ్యగారు అందుకుని, "రేపు నాన్నగారి తద్దినం, ఇవాళ ఒంటిపూట. అన్నమేమైనా ఉంటే ఇప్పుడే పెట్టండి" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. కనకదుర్గ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పరుగెత్తింది.

విస్తరి వేసేలోగా, అంటే సరిగ్గా నాలుగు నిమిషాల్లో, స్టోరు నుంచి జవాబు వచ్చింది. అందరూ భరద్వాజ చుట్టూ మూగారు. అతను పైకి చదివాడు.

'మీ ఓపికకు ధన్యవాదాలు. మీరు పంపిన ప్రభుత్వ ధ్రువపత్రాన్ని పరిశీలించాం. బ్రహ్మయ్యగారి మరణం ధ్రువీకరించబడినది. మీ సమాచారం సరైనదని తేలినందున యాప్ మీద ఆంక్షలు ఎత్తివేయడమైనది. వచ్చిన ఫిర్యాదును నిరాధారమైనదిగా కొట్టివేయడమైనది. ఈ నమోదులో ఇకపై ఏ మార్పు చేసినా మీ ఖాతా శాశ్వతంగా రద్దగును. బ్రహ్మయ్యగారి కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి.'

బ్రహ్మయ్యగారు లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నారు.

"చదవలేదా వాళ్ళు? అందులో ఏముందో చదవలేదా?" అన్నారు బ్రహ్మయ్యగారు.

"ముద్ర మటుకు చూసినట్టున్నారండి."

"నేను పోయానన్నందుకు కాదయ్యా నా బాధ. నిరాధారమైన ఫిర్యాదంటాడా? నలభై ఏళ్ళలో నా ఫిర్యాదు ఒక్కటి కొట్టేసినవాడు లేడు! ఏదీ, కాగితం పట్రా. ఇప్పుడే రాస్తాను. ఎంత పైకి వెళ్ళాలో అంత పైకి వెళ్తాను." జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు.

లాప్‌టాప్‌లో విడుదల బటన్ ఆకుపచ్చగా వెలుగుతోంది. భరద్వాజ వేలు దాని దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ఇప్పుడు నొక్కవచ్చు. నొక్కాక ఈయన ఉత్తరం రాస్తే యాప్‌తో పాటు ఖాతా కూడా పోతుంది. నొక్కినా నొక్కకపోయినా బతికున్న మనిషిని పోయాడని రాసి ఉంచడానికి మనసొప్పలేదు.

"రాయండి బాబాయిగారూ" అన్నాడు చివరికి. "మొదటి తప్పు నాదే. మీరు ఉన్నారన్నది నిజం. నేను విజయవాడ వెళ్తాలెండి."

లోపల్నుంచి కనకదుర్గ విస్తరి, నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి తండ్రి పక్కనే నిలబడింది. "రాయి నాన్నా. నువ్వు రాయనిదెప్పుడు? కానీ ఒక్క మాట చెప్పి రాయి. ఈ మెసేజి రాకపోతే నువ్వు ఈ మెట్లెక్కేవాడివా?"

బ్రహ్మయ్యగారు కూతురి ఉబ్బిన కళ్ళ వైపు చూశారు. ఇరుకు మెట్ల వైపు చూశారు. అల్లుడు అప్పటికే లోపల పీట వాల్చి, ఫ్యాను ఆ వైపు తిప్పుతున్నాడు. పొద్దుటి నుంచి ఎంతమంది వచ్చి ఎన్ని మంచి మాటలు చెప్పారో, అందులో ఒక్కటైనా ఆయన బతికుండగా విన్నది లేదు. అది గుర్తొచ్చిందో, ఆకలి గుర్తొచ్చిందో, మెల్లగా పెన్నుకి మూత పెట్టారు.

"నిర్ణయం అంతిమం అని రాశాడా?"

"నిబంధనల్లో రాశారండి."

"అంతిమం అన్నాక మళ్ళీ అప్పీలు ఉండదు. రూలు రూలే. నేను రూలు దాటే మనిషిని కాను" అని లేచి, "నొక్కవయ్యా, ఏం చూస్తావు? అమ్మాయ్, ఈ అబ్బాయికి కూడా విస్తరి వెయ్యి. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేడు. మీరిద్దరూ రేపు తాతగారి తద్దినానికి పొద్దున్నే బయల్దేరి రండి. మీ అమ్మ ఒక్కతే చేసుకోలేదు" అంటూ లోపలికి నడిచారు.

భరద్వాజ బటన్ నొక్కాడు. అయిదున్నరకి ఇందుమతి పెదనాన్నగారికి ఫోన్ చేసి వద్దని చెప్పింది. ప్రింటర్ల సంగతి ప్రింటర్లు చూసుకుంటాయంది. మర్నాడు బాపట్లలో వెంకటరాఘవయ్యగారు తిథి తప్పకుండా తద్దినం పెట్టించారు. కూతురూ అల్లుడూ పొద్దున్న ఏడింటికల్లా వచ్చారు. కార్యక్రమం ముగిసి, అందరూ భోజనాలు చేసి, నడుం వాల్చే వేళకి యాప్ స్టోరులో కనిపించింది.

దానికి వచ్చిన మొట్టమొదటి రివ్యూ కీర్తిశేషులు బ్రహ్మయ్యగారిది: నాలుగు నక్షత్రాలు, అక్షరాలు చిన్నవిగా ఉన్నందుకు ఒకటి తగ్గించారు.